నాలుగు కార్బ్యురేటర్లు విప్పి కడగాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి?

ప్రశ్న:
పాత జపాన్ బండి, నాలుగు సిలిండర్లు. వాక్యూమ్‌తో స్లైడ్ లేచే రకం కార్బ్యురేటర్లు నాలుగు వరుసగా ఉన్నాయి. పెట్రోలు తీయకుండానే మూడేళ్లు నిలబెట్టేశారు. ఇప్పుడు చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, తీయగానే ఆగిపోతోంది. 4,000 ఆర్‌పీఎం దాటితే మాత్రం బాగానే లాగుతోంది. ట్యాంకులో క్లీనర్ పోసి నడిపితే సరిపోతుందా, విప్పాల్సిందేనా? విప్పితే నాలుగింటినీ విడదీయాలా?

జవాబు 1:
విప్పాల్సిందేనండి. పైన లాగుతోందంటే ఎక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ (జెట్ అంటే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) బాగుంది, మూసుకుపోయింది తక్కువ వేగంలో ఇచ్చే పైలట్ జెట్. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు ముందు అక్కడే గడ్డకడుతుంది. పూర్తిగా మూసుకున్న దారిలోంచి పెట్రోలే పారదు కాబట్టి, ట్యాంకులో పోసిన క్లీనర్ అక్కడిదాకా చేరదు.

బౌల్ (అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) స్క్రూలతోనే జాగ్రత్త మొదలవ్వాలి. జపాన్ కార్బ్యురేటర్లకు వాడింది జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) తల. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, జారి తలను అరగదీస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ పెట్టి, వెనక నుంచి ఒక్క దెబ్బ కొట్టి తిప్పండి.

తర్వాత ఫ్లోట్ (బౌల్లో పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే బుడ్డ) పిన్. ఒక పక్క తల ఉంటుంది, తల లేని పక్క నుంచి తొయ్యాలి. గట్టిగా ఉంటే సుత్తి ఎత్తకండి, క్లీనర్ కొట్టి నానబెట్టండి. పిన్నును పట్టుకునే ఆ రెండు స్తంభాలు పెళుసు పోత లోహం, ఒకటి విరిగితే ఆ కార్బ్యురేటర్ బాడీ పోయినట్టే.

పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ తీసేముందు లోపలికి నెమ్మదిగా తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో ఒక్కోదానికీ విడిగా రాసుకోండి. ఆగాక బిగించొద్దు, సూది మొన సీటును పాడుచేస్తుంది. స్క్రూ బయటికొచ్చాక చిన్న వాషర్, ఓ-రింగ్ చాలాసార్లు రంధ్రంలోనే ఉండిపోతాయి. కొన వంచిన సూదితో లాగండి. గాలి కొడితే ఎగిరిపోతాయి, మళ్లీ దొరకవు. బిగించేటప్పుడు స్క్రూ మీదికి ముందు స్ప్రింగ్, తర్వాత వాషర్, చివర ఓ-రింగ్. వాషర్ మర్చిపోతే స్ప్రింగ్ కొస ఓ-రింగ్‌ను కోసేస్తుంది.

జెట్‌ను వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రం నిండు గుండ్రంగా కనిపించాలి, అర్ధచంద్రంలా కనిపిస్తే ఇంకా జిగురు ఉన్నట్టే. నానబెట్టి, కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒక్కటి దూర్చండి. ఉక్కు తీగ వద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం కొంచెం పెద్దదైనా జెట్ సైజు మారిపోయినట్టే.

జవాబు 2:
జెట్ శుభ్రమైతే సగం పనే. అసలు చూడాల్సింది బాడీలోని దారులు. జెట్లు తీసేశాక పైలట్ జెట్ రంధ్రంలో స్ప్రే గొట్టం ఆనించి కొట్టండి. బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే రేకు) అంచు దగ్గరి చిన్న చిన్న రంధ్రాల్లోంచీ, మిక్స్చర్ స్క్రూ రంధ్రంలోంచీ, గాలి వచ్చే నోటి వైపు ఎయిర్ జెట్‌లోంచీ చిమ్మాలి. ఒక్కచోట రాకపోయినా ఆ కార్బ్యురేటర్ అయినట్టు కాదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకునే కొట్టండి, ఎటునుంచి తిరిగొస్తుందో చెప్పలేం.

స్ప్రే కంటే ముందే డయాఫ్రమ్‌లు (స్లైడ్‌ను లేపే రబ్బరు పొరలు) తీసి పక్కన పెట్టాలి. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బి గాడిలో కూర్చోదు. వెలుతురుకు పట్టి చూడండి, సూదిమొనంత చిల్లున్నా స్లైడ్ సరిగా లేవదు. బటర్‌ఫ్లై స్క్రూల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటి కొసలు నొక్కేసి ఉంటాయి, విప్పితే మర పోతుంది. వదులై ఊడితే సిలిండర్‌లో పడుతుంది.

విడదీయడం నా దృష్టిలో అనవసరం. బ్రాకెట్ మీదే ఉంచి అన్నీ కడగొచ్చు. విడదీస్తే థ్రాటిల్ లింకుల స్ప్రింగులు, నాలుగింటి వరస అన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి.

జవాబు 3:
విడదీయడం గురించి ఒక్క మాట. రెండు కార్బ్యురేటర్ల మధ్య పెట్రోలు గొట్టాలకు చివర్లలో ఓ-రింగులు ఉంటాయి. పెట్రోలులో ఉన్నంతకాలం ఉబ్బి ఉన్నవి, మూడేళ్లు ఎండాక కుంచించుకుపోతాయి. అతుకుల దగ్గర తడి మరక కనిపిస్తే విడదీసి మార్చక తప్పదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారనివ్వకూడదు. అక్కడ పొడిగా ఉంటే మాత్రం పై జవాబే సరి.

ఫ్లోట్ ఎత్తు కొలిచేటప్పుడు బాడీని పూర్తిగా తలకిందులు చేయకండి. ఫ్లోట్ బరువుకు, పెట్రోలు రాకను ఆపే సూది వెనకున్న స్ప్రింగ్ పిన్ నొక్కుకుపోయి లెక్క తప్పుతుంది. పక్కకు వాల్చి, ఫ్లోట్ నాలుక పిన్నుకు కేవలం తగిలే చోట గ్యాస్కెట్ తీసేసిన అంచు నుంచి కొలవండి. ఎంతుండాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసుకోండి, బండికీ బండికీ తేడా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అతుకులు పొడిగానే ఉన్నాయి, విడదీయను. అన్నీ బిగించాక ట్యూనింగ్ ఏ వరసలో చేయాలి?

జవాబు 3:
ముందు ట్యాంకు కడిగి కొత్త ఫిల్టర్ వేయండి. తుప్పు ఉంటే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది. ఇంజిన్ వైపు రబ్బరు బూట్లకు పగుళ్లుంటే మార్చండి, అక్కడ గాలి పీలిస్తే ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ తిరగడం) ఎప్పటికీ కుదరదు. తర్వాత వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) సరిచూడండి. అది తప్పుగా ఉంటే తర్వాత పెట్టే వాక్యూమ్ గేజుల రీడింగులకు అర్థమే లేదు.

కార్బ్యురేటర్లు బల్ల మీదుండగానే ఒకే సన్నటి తీగను నాలుగు బటర్‌ఫ్లైల కిందా దూర్చి, అన్నిచోట్లా ఒకే బిగువుతో జారేలా, నాలుగింటి తెరుపును సమానం చేసే సింక్ స్క్రూలు తిప్పండి. మిక్స్చర్ స్క్రూలు మీరు రాసుకున్న చుట్ల దగ్గరే పెట్టండి. బండికెక్కించి ఇంజిన్ బాగా వేడెక్కాక, వాక్యూమ్ గేజులతో నాలుగూ సమానం చేయండి. ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టండి, గాలితో చల్లబడే ఇంజిన్ నిలబడి ఉంటే త్వరగా కాగిపోతుంది.