బాండ్ల అప్పుతో కట్టే వంతెనలకు ముందు జనాన్ని అడగాలా?

సికింద్రాబాద్ చదువరి
హైదరాబాద్ నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో బాండ్లు అమ్మి 200 కోట్ల రూపాయలు తెచ్చింది, వడ్డీ 8.90 శాతం. ఆగస్టులో మరో 195 కోట్లు, 9.38 శాతానికి. 2019లో ఇంకో 100 కోట్లు, 10.23 శాతానికి. మొత్తం 495 కోట్లూ ఎస్‌ఆర్‌డీపీ పేరుతో చేపట్టిన వంతెనలు, అండర్‌పాస్‌ల కోసమే. తీర్చేది మనం కట్టే ఆస్తిపన్నుతో. వసూలైన పన్ను ముందుగా ఒక ప్రత్యేక ఖాతాలో పడుతుంది, బాండ్లు కొన్నవారి వాయిదా పక్కన పెట్టాకే మిగతాది కార్పొరేషన్ చేతికి వస్తుంది. అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే రేటింగ్ సంస్థలు పరిశీలించాయి, స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధనలు పాటించారు, మదుపరులు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో బిడ్లు వేశారు. ఇంత తతంగంలో ఏ వంతెన ముందు, ఏది తర్వాత అని నగరవాసిని అడిగిన సందర్భం ఒక్కటీ నాకు కనిపించలేదు. మళ్లీ కొత్త పనులు, కొత్త అప్పుల మాట వినిపిస్తోంది కాబట్టి అడుగుతున్నాను. బాండ్ల సొమ్ముతో చేసే పనుల జాబితాపై ముందే ప్రజాభిప్రాయం తీసుకోవాలా? తీసుకుంటే ఎలా?

కొలతబద్ద
అవసరం లేదు. నా ఉద్యోగ జీవితమంతా రోడ్లు, వంతెనల పనుల్లోనే గడిచింది, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఒక కూడలిలో రద్దీ వేళ గంటకు ఎన్ని వాహనాలు దాటుతున్నాయి, ఏ దిక్కుకు ఎన్ని మళ్లుతున్నాయి అని లెక్క తీస్తారు. ఎక్కడ వంతెన కావాలో, ఎన్ని వరుసలు ఉండాలో ఆ లెక్కే చెబుతుంది. అది చేతులెత్తించి తేల్చే విషయం కాదు. అడిగితే ప్రతి కాలనీ వంతెన కావాలనే అంటుంది, అది దిగే చోటు మాత్రం పక్క కాలనీ గేటు ముందు ఉండాలంటుంది. దుర్గం చెరువు తీగల వంతెనను 184 కోట్లతో కట్టి 2020 సెప్టెంబరులో తెరిచారు. జూబ్లీహిల్స్ నుంచి మైండ్‌స్పేస్ వైపు వెళ్లేవారికి ఎంత చుట్టు తగ్గిందో కనుక్కోండి. ఇంకో సంగతి. బాండ్ల సొమ్ము చేతికి వచ్చిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. సభలు పెట్టుకుంటూ కూర్చుంటే నష్టం ఎవరికి?

వడ్డీలెక్క
వడ్డీ అన్నారు కాబట్టి చెబుతున్నాను. పుణే 2017లో తాగునీటి పథకానికి 200 కోట్ల బాండ్లు 7.59 శాతానికి అమ్మింది. మనం 10.23 దాకా పోయాం. మన మూడు విడతల వడ్డీ కూడితే ఏటా 46 కోట్లు దాటుతుంది. అసలు మాట్లాడాల్సింది దీని గురించి.

సికింద్రాబాద్ చదువరి
కొలతబద్ద గారూ, సొమ్ము వచ్చాక అడగమని నేను అనలేదు. బాండ్లు అమ్మక ముందు, జాబితా తయారయ్యే దశలో అడగాలంటున్నాను. అప్పటికి వడ్డీ ఒక్క రూపాయి కూడా మొదలు కాదు.

నీలిగోరింట
అడగకపోతే ఏమవుతుందో కేబీఆర్ పార్కు దగ్గర చూశాం. ఇదే ఎస్‌ఆర్‌డీపీలో పార్కు చుట్టూ వంతెనలు గీశారు. 3,000కు పైగా చెట్లు పోతాయని బయటపడ్డాక 2016లో జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. వ్యవహారం చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది, చెట్లు కొట్టకుండా స్టే వచ్చింది, ఏళ్ల తరబడి ఆ పని అక్కడే నిలిచిపోయింది. కొలతబద్ద గారి భయం ఆలస్యమే అయితే, అడగకపోవడం వల్ల జరిగిన ఈ ఆలస్యాన్ని ఏ పద్దులో రాస్తారు? 2024లో మళ్లీ అదే పార్కు చుట్టూ ఆరు కూడళ్లకు వంతెనలు, అండర్‌పాస్‌లు అన్నారు. మళ్లీ చెట్ల గొడవ, భూసేకరణ గొడవ. మా కాలనీ సంఘం ఇచ్చిన వినతిపత్రాలకు అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు.

పెసరగింజ
కార్పొరేటర్లను ఎన్నుకున్నది ఇందుకే కదా? వాళ్లను అడిగితే మనల్ని అడిగినట్టే.

సికింద్రాబాద్ చదువరి
2016లోనూ, 2020లోనూ కార్పొరేషన్ ఎన్నికల్లో సగం మంది ఓటర్లు కూడా ఓటు వేయలేదు. ఆ సంగతి పక్కన పెట్టినా, 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పగలరా? పుణేలో 2006 నుంచి వార్డు స్థాయి పనులను పౌరులే సూచించే పద్ధతి ఉంది. కాలిబాట, బస్సు స్టాపు, వీధి దీపం వంటివి. చిన్న పనులకే అడగగలిగినప్పుడు పదేళ్లు తీర్చాల్సిన అప్పుకు ఎందుకు అడగకూడదు?

వడ్డీలెక్క
పుణే 7.59. మనది 10.23. మళ్లీ చెబుతున్నాను.

తూర్పుగడప
ఇక్కడ మాట్లాడుతున్నవారిలో రోడ్డు వెడల్పులో ఇల్లో కొట్టో పోయినవారు ఉన్నారా? నేను ఉన్నాను. ఊరి పేరు, కార్యాలయం పేరు రాయను. ఒక కూడలి దగ్గర అద్దె కొట్టులో కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మేవాడిని. అభిప్రాయ సేకరణ సభ పెట్టారు, వెళ్లాను. గోడకు పటం అంటించారు. అందులో వీధుల పేర్లు లేవు, గుడి లేదు, బడి లేదు. పొడుగునా ఒక ఎర్ర గీత, దాని వెంట అంకెలు. మా కొట్టు గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా అని అడిగితే అక్కడున్న కుర్రాడు "0.420 దగ్గర చూసుకోండి" అన్నాడు. మా బజారులో 0.420 ఎక్కడుందో ఎవరికి తెలుసు? బయట బల్ల మీద పుస్తకం పెట్టి పేరు, ఫోను నంబరు రాయించుకుని సంతకం తీసుకున్నారు. ఆ సంతకాలే సభకు వచ్చినవారి సమ్మతిగా నివేదికలో చేరాయని తర్వాత తెలిసింది. కొట్టు ముందు భాగం పోయింది. యజమానికి పోయిన స్థలానికి బదులు టీడీఆర్ పత్రం ఇచ్చారు. దానితో ఇంకో చోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఏళ్ల తరబడి అద్దె కట్టిన నాకు దక్కింది సున్నా. అభిప్రాయ సేకరణ అనగానే అదేదో వరం అనుకోకండి.

కొలతబద్ద
దాన్ని చైనేజి అంటారు, ప్రతి డ్రాయింగులోనూ ఉంటుంది. 0.420 అంటే పని మొదలయ్యే చోటు నుంచి 420 మీటర్లు. టేపు పట్టుకుని నడిస్తే తెలిసిపోయేది.

తూర్పుగడప
నా బతుకుదెరువు ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికి నేనే టేపు కొనుక్కోవాలా? గీత గీసినవాడు వచ్చి "అయ్యా, ఇదిగో ఇక్కడిదాకా" అని సున్నంతో ఒక గుర్తు పెట్టి వెళ్లలేడా? మీలాంటి ఇంజినీర్ల చేతుల్లోనే పోయాం మేము.

డాలస్ నుంచి
నేను డాలస్‌లో అద్దెకు ఉంటాను. ఇక్కడ 2024 మే 4న నగరం 125 కోట్ల డాలర్ల బాండ్లను ఓటుకు పెట్టింది. అంతా ఒకే మూటగా పెట్టలేదు. రోడ్లు, పార్కులు, గ్రంథాలయాలు అంటూ 10 అంశాలు, ఒక్కోదానికి వేరుగా ఓటు. పదీ నెగ్గాయి. అంతకు ముందు పౌరులతో వేసిన కమిటీ నెలల తరబడి జాబితాను వడపోసింది, సభలు జరిగాయి. అయితే తక్కువ ఆదాయం ఉన్నవారి ఇళ్లకు 20 కోట్ల డాలర్లు కావాలని సంఘాలు అడిగితే చివరికి ఆ పద్దుకు దక్కింది 2.64 కోట్లు. పార్కులకు 34.5 కోట్లు వచ్చాయి. ఇంకో మాట, టెక్సస్‌లో ఓటు లేకుండా నగరాలు అప్పు తెచ్చుకునే మార్గం కూడా ఉంది. ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెట్టి అడ్డుపడితే తప్ప దానికి ఎన్నిక అక్కర్లేదు. వీసా మీద ఉన్న నాకు ఓటు లేదు. కానీ నా అద్దెలో ఇంటి యజమాని కట్టే ఆస్తిపన్ను ఉంది. ఓటు లేకపోయినా సభకు వెళ్లి మాట్లాడవచ్చు, నేను వెళ్లాను.

పెసరగింజ
అమెరికా కబుర్లు ఇక్కడికి ఎందుకు?

నీలిగోరింట
ఆ విడివిడి అంశాల పద్ధతి మనకూ కావాలి. నా ప్రతిపాదన ఇది. పనుల జాబితాను ఆస్తిపన్ను చెల్లించేవారికి పన్ను నోటీసుతో పాటే పంపాలి. కాలనీ సంక్షేమ సంఘాలు సమావేశమై ప్రాధాన్యక్రమం రాసి ఇవ్వాలి. మా సంఘంలో చదువుకున్నవారు, లాయర్లు, రిటైరైన అధికారులు ఉన్నారు. పటం చూడగానే అర్థం చేసుకోగలరు. 2018లో అలా అడిగి ఉంటే వంతెనల కన్నా ముందు నాలాలు, అంటే వాననీరు పోయే కాలువలు, బాగుచేయమని చెప్పేవాళ్లం. 2020 అక్టోబరు వానల్లో కాలనీలు మునిగాక గాని నాలాలకు ప్రత్యేక పథకం పెట్టలేదు.

తూర్పుగడప
అంటే పన్ను నోటీసు అందుకునేవాడే ప్రజ. అద్దెకొట్టువాడు, బస్తీలో ఒక గదిలో ఉండేవాడు, తోపుడుబండి వాడు ఎవరూ లెక్కలోకి రారు. ఆ నాలాల పక్కన ఉండేది ఎవరమ్మా? మీ సంఘం లాయర్లా? మీరు నాలా వెడల్పు చేయమని రాసి ఇస్తే ముందు కూలేది మా ఇళ్లు.

నీలిగోరింట
నా మాటను వక్రీకరించకండి. అప్పు పదేళ్లది. అద్దెకు ఉన్నవారు రెండేళ్లకు ఇల్లు మారతారు, ఊరు మారతారు. సొంత ఇల్లు ఉన్నవారు ఆ పదేళ్లూ ఇక్కడే ఉండి తీరుస్తారు. తీర్చేవారి మాటకు బరువు ఎక్కువ ఉండాలనడం అన్యాయం ఎలా అవుతుంది?

తూర్పుగడప
కొట్టు మారింది నా ఇష్టంతోనా? వెళ్లగొట్టి, వెళ్లిపోయేవాడివి నీకు మాటెందుకు అంటారా?

నిర్వాహకులు
ఒక వ్యాఖ్య తొలగించాం. వాదన విషయం మీదే ఉండాలి.

కొలతబద్ద
ఇంజినీర్ల చేతుల్లో పోయామన్నారు, అందుకని ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో ఉండగా ఒక పట్టణంలో రోడ్డుకు రెండు గీతలు గీశాం. ఒకటి పెద్దవాళ్ల ప్రహరీలను కొంత కోసుకుంటూ పోతుంది. రెండోది బస్తీ మధ్య నుంచి. వాహనాల లెక్క ప్రకారం మొదటిదే సరైనది, ఖర్చూ తక్కువ. అభిప్రాయ సేకరణ పనిరోజున పొద్దున పదకొండు గంటలకు పెట్టారు. బస్తీవాళ్లు అప్పటికే కూలికి వెళ్లిపోయారు. సభలో కూర్చున్నవాళ్లందరూ రెండో గీతకే చేతులెత్తారు. "ప్రజల కోరిక మేరకు" అని ఫైలులో రాశారు. ఆ వాక్యం పడ్డాక మా లెక్కను ఎవరూ చూడలేదు. నీలిగోరింట గారు చెప్పే పద్ధతిలో అడిగితే ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కనీసం లెక్కకు ప్రహరీ అయినా గుడిసె అయినా ఒకటే. అడగవద్దని నేను అన్నది ఇందుకే.

తూర్పుగడప
ఇది మొదటే రాసి ఉంటే మీతో నాకు తగువు ఉండేది కాదు. కానీ మీ లెక్కలో నడిచేవాడు ఉన్నాడా? బస్సులో నిలబడి పోయే యాభై మందీ, కారులో ఒక్కడూ మీ కూడలి లెక్కలో చెరొక వాహనమేనా?

కొలతబద్ద
బస్సుకు మూడు కార్ల కొలమానం వేస్తాం.

తూర్పుగడప
అది బస్సు ఆక్రమించే రోడ్డు కొలమానం. లోపలి మనుషులది కాదు.

సికింద్రాబాద్ చదువరి
ఇద్దరి మాటలూ కలిపి చూస్తే నాకు తోచింది ఇది. సభ సాయంత్రం ఏడు తర్వాతో ఆదివారమో ఉండాలి. బస్తీలో ఒకటి, కాలనీలో ఒకటి, బస్సు డిపో దగ్గర ఒకటి. పటం మీద వీధుల పేర్లు తెలుగులో, ఉర్దూలో ఉండాలి, నేల మీద గుర్తులు పెట్టాలి. హాజరు సంతకం వేరు, సమ్మతి వేరు అని పుస్తకం మీదే రాయాలి. ఎవరు ఏమన్నారో, దేన్ని ఎందుకు తోసిపుచ్చారో బాండ్లు అమ్మక ముందే అచ్చు వేయాలి.

కొలతబద్ద
వాహనాల లెక్క కూడా ఆ పటం పక్కనే అంటించాలి, ఎవరి కోరిక దాన్ని కాదంటోందో అందరికీ కనిపించాలి. మొత్తం 90 రోజుల్లో ముగించాలి. ఆ రెండూ ఉంటే అడగండి.

నీలిగోరింట
సాయంత్రం సభకు, బస్తీలో సభకు నాకు అభ్యంతరం లేదు. అందరి మాటకూ ఒకే బరువు అన్నదానికి మాత్రం ఒప్పుకోను.

తూర్పుగడప
అయితే మీ ప్రతిపాదనకు నేనూ ఒప్పుకోను.