హైస్కూలు ల్యాబ్‌లో లినక్స్ వేద్దామా, కొత్త కంప్యూటర్లు కొందామా?

లంక మాస్టారు:
మాది కోనసీమలో గోదావరి పాయ దాటి రావాల్సిన ఊరు. హైస్కూలు ల్యాబ్‌లో పది కంప్యూటర్లున్నాయి, అన్నీ 2014లో కొన్నవి, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతోంది, వీటిలో అది లేదు. సంక్రాంతికి వచ్చిన పాత విద్యార్థులు కొంత డబ్బు ఇచ్చి వెళ్లారు. దాంతో మూడు కొత్తవి వస్తాయి. లేదంటే పాతవాటికే ఎస్‌ఎస్‌డీలు (వేగంగా పనిచేసే డిస్కులు) బిగించి, విండోస్ బదులు లుబుంటు, అంటే పాత కంప్యూటర్లలోనూ నడిచే ఉచిత లినక్స్, ఎక్కిస్తే పదీ నడుస్తాయి, మిగిలింది యూపీఎస్ బ్యాటరీలకు సరిపోతుంది. నా ఓటు రెండోదానికే. మీరేమంటారు?

పాలకొల్లు డీటీపీ:
నేనొప్పుకోనండి మాస్టారూ. మన పిల్లలు రేపు భీమవరంలో రొయ్యల కంపెనీలోనో, తణుకులో రైస్‌మిల్లు ఆఫీసులోనో కూర్చుంటారు. అక్కడుండేది టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్. టాలీ లినక్స్ మీద నేరుగా నడవదు. ఊరికే వచ్చిందని పనికిరానిది నేర్పితే నష్టపోయేది పిల్లలేగా.

రాజోలు కుర్రాడు:
బాబాయ్, ఎనిమిదో తరగతి పిల్లకి టాలీ దేనికి? లినక్స్‌లో ఉచితంగా వచ్చే లిబ్రేఆఫీస్‌లో లెక్కల షీటు వచ్చినవాడికి ఎక్సెల్ రెండు రోజుల పని, పట్టికలో వెతికే వీలుకప్ ఫార్ములా రెండింట్లోనూ ఒకటే. లెక్కలకు జియోజీబ్రా, నక్షత్రాలు చూడ్డానికి స్టెల్లేరియం, చిన్నపిల్లల ఆటలకు జీకాంప్రి, అన్నీ లినక్స్‌లో ఉన్నాయి. కేరళ సర్కారు బడుల్లో ఏళ్ల తరబడి లినక్సే నడుస్తోంది. మనమేమో పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడుతున్నాం.

అమలాపురం టీచర్:
ఈ మాట ఎత్తితే చాలు, కేరళ వచ్చేస్తుంది! అక్కడ ప్రభుత్వమే లినక్స్‌ని బడికి తగ్గట్టు తయారుచేయించింది, టీచర్లకు శిక్షణ ఇచ్చింది, పాఠ్యపుస్తకం రాయించింది, పదో తరగతికి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష కూడా దాని మీదే పెట్టింది. మన మాస్టారి వెనుక ఎవరున్నారు?

మా బడి సంగతి చెప్తాను. ఒక సారు ఎంతో ఇష్టంగా, సెలవుల్లో కూడా వచ్చి, లినక్స్ వేశారు. ఆయనకు బదిలీ అయింది. పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టలేదు. వానాకాలమంతా ల్యాబ్‌కి తాళమే. చివరికి రిపేరు కుర్రాడొచ్చి అంతా చెరిపేసి దొంగ విండోస్ ఎక్కించి వెళ్లాడు. లైసెన్సు ఎవరూ అడగలేదు, నాతో సహా. నేను లినక్స్‌కి వ్యతిరేకిని కాదండీ. పాడైన రోజున ఎవరికి ఫోన్ చేయాలి, అదొక్కటే నా ప్రశ్న.

లంక మాస్టారు:
ఆ మాట సూటిగా నాకే తగిలిందమ్మా. వచ్చే బదిలీల్లో నా పేరూ ఉండొచ్చు.

పాలకొల్లు డీటీపీ:
చూశారా! పైగా నేను పంపే ప్రశ్నపత్రాల ఫైళ్లు మీ లినక్స్‌లో తెరుచుకోకపోతే నన్నే అంటారు.

రాజోలు కుర్రాడు:
మీ ఫైళ్లు విండోస్‌లోనే తెరుచుకోవట్లేదు కదా బాబాయ్. మీవి పాత డీటీపీ ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ‘క’ ఉండాల్సిన చోట ఏదో ఇంగ్లిషు గుర్తు కనబడుతుంది. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్‌లో కొడితే ఫోన్లో కూడా చదువుకోవచ్చు. ఇందులో తంటా ఫైలుది, విండోస్, లినక్స్‌లది కాదు.

పాలకొల్లు డీటీపీ:
ఆయ్, అది నిజమే. శుభలేఖలకు మాత్రం ఆ ఫాంట్లు వదలను, యూనికోడ్‌లో అంత అందమైన అక్షరాలు తక్కువ. ప్రశ్నపత్రాలు ఇక యూనికోడ్‌లోనే ఇస్తాను.

అమలాపురం టీచర్:
తరగతి గదిలో పెట్టే టచ్ బోర్డులకూ ఇదే రోగం. మా బోర్డు మీద గంట కూర్చుని గుండె బొమ్మతో పాఠం తయారుచేశాను. అది దాని సొంత ఫార్మాట్‌లో సేవ్ అయింది, ఇంటికొచ్చి చూస్తే ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు. కొనేవాళ్లు తెర ఎన్ని అంగుళాలో అడిగారు గానీ, పీడీఎఫ్ ఇస్తుందా అని అడగలేదు. ఇప్పుడు ఓపెన్‌బోర్డు అనే ఉచిత ప్రోగ్రాంలో చేసుకుంటున్నాను. అది విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పీడీఎఫ్ కూడా ఇస్తుంది. మాస్టారూ, మీరు ఏది వేసినా ఈ ఒక్కటీ చూసుకోండి.

లంక మాస్టారు:
సరే, ఆదివారం రెండు కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్ నుంచే లుబుంటు నడిపి చూస్తాను. హార్డ్‌డిస్క్ జోలికి పోను, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే ఎప్పటిలాగే విండోస్ వస్తుంది. మా రిపేరు కుర్రాణ్ణి కూడా పిలిచాను, పక్కన కూర్చుని అతనే చేయాలి, నేను చెప్తుంటాను. అతను కుదరదంటే మూడు కొత్తవి కొనడమే. లినక్స్ ఉంచితే పాస్‌వర్డ్ హెచ్చెమ్ గారి బీరువా రిజిస్టర్లో రాయిస్తాను. నాకు భయమల్లా పాత ప్రింటర్ల గురించే, కొన్నింటికి లినక్స్ డ్రైవరు దొరకదు. పాలకొల్లు బాబాయ్, మీ షాపులోది ఒకటి తెస్తారా?

పాలకొల్లు డీటీపీ:
తెస్తానండి, ఓడిపోతే ఒప్పుకుంటాను కూడా. పంటులో ఎక్కించడానికి ఇద్దరు పిల్లల్ని రేవుకి పంపండి, బరువుంటుంది. తిరుగు పంటు చివరిది ఎన్నింటికి?