రచయితలే ప్రచురణ సంస్థ పెట్టుకుంటే నడుస్తుందా?

కొల్లేటి కథకుడు: మన పుస్తకాలు మనమే వేసుకుని అమ్ముకునే సహకార సంఘం పెడదాం. 1945లో కొట్టాయంలో 12 మంది మలయాళ రచయితలు 120 రూపాయలతో సాహిత్య ప్రవర్తక సహకార సంఘం మొదలుపెట్టారు. ఎం.పి. పాల్ అధ్యక్షుడు. రచయితకి 30 శాతం రాయల్టీ ఇచ్చారు. మనకెందుకు సాధ్యం కాదు?

మానేరు: 120 రూపాయలకి ఇప్పుడు కవర్ పేజీ కూడా రాదు. డబ్బు ఎవరు పెడతారు?

కొల్లేటి కథకుడు: ఇప్పుడు పెడుతున్నది మనం కాదా? నా కథల సంపుటికి అచ్చు ఖర్చంతా నాదే. షాపువాళ్ళు 40 శాతం కమీషన్ అన్నారు, ఏడాదైనా లెక్క చెప్పలేదు. వెళ్ళి చూస్తే వెనక గదిలో కట్టలు ప్రెస్‌లో కట్టిన తాళ్ళతోనే ఉన్నాయి.

పుస్తకప్రియ: షేరు ఎంతో చెప్పండి, నేను రెడీ.

మానేరు: మీకు అన్యాయమే జరిగింది. కానీ ముందు ఆ 120 సంగతి తేల్చండి.

కొల్లేటి కథకుడు: ఇంకా అక్కడే ఉన్నారా! కారూర్ నీలకంఠ పిళ్ళ అంతటి కథకుడు కార్యదర్శిగా కూర్చుని ఆ కొట్టాయం సంఘాన్ని నడిపాడు. మీకు పని చేయడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి.

మానేరు: నాకు పని ఇష్టం లేదా? మా ఊరి రచయితల సంకలనానికి ప్రూఫులు దిద్దింది, ప్రెస్ చుట్టూ తిరిగింది నేనే. చివరికి నా కథే తీసేశారు. అందులో తల్లి ‘గిప్పుడే వస్త బిడ్డా’ అంటుంది. ‘ఇప్పుడే వస్తాను’ అని మార్చమన్నారు, మార్చనన్నాను. ఎంపిక చేసిన ముగ్గురూ ఒకరి పుస్తకానికొకరు ముందుమాట రాసుకునేవాళ్ళే. బయటి ప్రచురణకర్త కాదంటే ఇంకొకరి దగ్గరికి పోతాను. సొంత సంఘమే కాదంటే ఎక్కడికి పోవాలి?

వేపచెట్టు: అసలు గొడవ ఇదన్నమాట. డబ్బు కాదు.

కొల్లేటి కథకుడు: ఇది మొదటే చెప్పాల్సింది సార్. మాండలికం ముట్టుకోకూడదు, ఒప్పుకుంటాను. అలాగని షేరు కట్టిన ప్రతివాళ్ళ పుస్తకమూ వేస్తామా? పాఠకుడు మన పేరు చూసి కొనాలంటే కాదనే హక్కు ఎడిటర్‌కి ఉండాల్సిందే.

మానేరు: ఉండనివ్వండి. ఆ ఎడిటర్‌ని ఎవరు ఎన్నుకుంటారు, ఎన్నేళ్ళుంటాడు, కాదంటే కారణం రాసిస్తాడా? ఇవన్నీ నిబంధనల్లో పెట్టండి. అప్పటిదాకా నేను షేరు కట్టను.

కొల్లేటి కథకుడు: కారణం రాసివ్వాలి, సరే. ఎన్నిక మాత్రం వద్దు. ఓట్లు పెడితే మళ్ళీ ఆ ముగ్గురే వస్తారు.