ఎల్160 బదులు ఎల్200 లిమిట్ స్విచ్ వేయొచ్చా? ఫర్నేస్ మాటిమాటికీ ఆగిపోతోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నేస్ కాసేపు బాగానే మండుతుంది, తర్వాత మంట ఆరిపోయి బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్) ఒక్కటే తిరుగుతూ ఉంటుంది, కొంచెం చల్లారాక మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ అదే తంతు. బోర్డు మీద లైట్ ఎన్నిసార్లు మినుకుతోందో చూసి తలుపు లోపలున్న చార్ట్‌తో పోల్చితే లిమిట్ సర్క్యూట్ ఓపెన్ అని ఉంది, అంటే వేడి మితిమీరితే గ్యాస్ ఆపే లిమిట్ స్విచ్ తెగిందని. పాత స్విచ్ మీద ఎల్160 అని ఉంది, ఆన్‌లైన్‌లో అదే సైజులో ఎల్200 చవగ్గా దొరుకుతోంది. అది వేస్తే ఆగకుండా నడుస్తుందా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రాత్రిళ్ళు చలికి తట్టుకోలేకపోతున్నాం.

జవాబు 1:
వద్దండీ, పిల్లలున్న ఇల్లు అంటున్నారు కాబట్టి అస్సలు వద్దు. ఎల్160 అంటే 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర లోపలి బైమెటల్ (రెండు లోహాలు అతికిన) బిళ్ళ వంగి సర్క్యూట్ తెంపుతుంది, గ్యాస్ ఆగుతుంది, బ్లోయర్ తిరిగి వేడి బయటికి తోస్తుంది. అంటే మీ స్విచ్ దాని పని అది చేస్తోంది. 200ది వేస్తే హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే భాగం) రేకు రోజూ అంత వేడికి కాగి కాగి పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళలోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లో గాలిలో కలిసే ప్రమాదం ఉంది. ముందు వేడి ఎందుకు పేరుకుంటోందో చూడండి, ఫిల్టర్ మూసుకుపోయిందా, గదుల్లో వెంట్లు మూసేశారా, ఏసీ కాయిల్ మీద దుమ్ము పట్టిందా, బ్లోయర్ నీరసంగా తిరుగుతోందా. సగం కేసుల్లో ఫిల్టరే, నన్నడిగితే.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్, కాకపోతే చాలాసార్లు ట్రిప్ అయిన స్విచ్ బలహీనపడి ముందే తెగడం కూడా ఉంటుంది, అందుకే ఊహించొద్దు, కొలవండి. ఫర్నేస్ పవర్ ఆపి, చల్లారాక, స్విచ్ వైర్లు రెండూ పీకి మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి, సున్నాకి దగ్గరగా చూపాలి. చల్లగా ఉన్నా ఓపెన్ అని వస్తే స్విచ్ పోయినట్టే. బాగుంటే నేమ్‌ప్లేట్ మీద టెంపరేచర్ రైజ్ అని ఒక రేంజ్ ఉంటుంది, ఫర్నేస్ నడుస్తుండగా బయటికొచ్చే గాలి వేడిలోంచి లోపలికి వెళ్ళే గాలి వేడి తీసేయండి, ఆ రేంజ్ దాటితే గాలి చాలట్లేదు, లేదా గ్యాస్ ప్రెషర్ ఎక్కువుంది. గ్యాస్ ప్రెషర్ మాత్రం టెక్నీషియన్‌కే వదిలేయండి. ఇంకోటి, రెండు వైర్లూ కలిపేసి నడిపించడం ఒక్క రాత్రికైనా సరే చేయొద్దు.

జవాబు 3:
స్విచ్ మార్చాల్సి వస్తే ఫర్నేస్ మోడల్ నంబర్ పెట్టి వెతకండి, ఫొటోలో ఒకేలా ఉంది కదా అని కొనకండి. స్విచ్ కాడ పొడవు కూడా పాతదానంతే ఉండాలి, చివరి బిళ్ళ గాలి దారిలో సరైన చోట ఉంటేనే సరిగ్గా పసిగడుతుంది. బర్నర్ దగ్గర చిన్న బటన్ ఉన్నది వేరే, అది రోలౌట్ స్విచ్, మంట బయటికి తన్నితే తెగుతుంది. అది లేచి ఉంటే నొక్కేసి ఊరుకోకండి, టెక్నీషియన్‌ని పిలవండి. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ లేకపోతే ఇవాళే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అందరికీ. స్విచ్ మీటర్‌లో బాగానే ఉంది, ఫిల్టరూ శుభ్రంగానే ఉంది. టెంపరేచర్ రైజ్ ప్లేట్ మీద 35 నుంచి 65 డిగ్రీలు అని ఉంటే నాకు 78 వచ్చింది. టెక్నీషియన్ వచ్చి చూస్తే బ్లోయర్ కెపాసిటర్ (మోటారు సరిగ్గా తిరగడానికి ఊతమిచ్చే భాగం) మీద 10 మైక్రోఫారడ్ అని రాసుంది, మీటర్‌లో 6 చూపించింది. అది మార్చాక రైజ్ 55కి దిగింది, మంట మధ్యలో ఆరట్లేదు. పాత స్విచ్ ఉంచేయనా?

జవాబు 2:
ఉంచండి. రైజ్ 55 దగ్గరే ఉండి మళ్ళీ ట్రిప్ అయితే అప్పుడు స్విచ్ మీద అనుమానపడొచ్చు, అప్పుడు కూడా ఎల్160నే వేయండి.