పిల్లలకు గుర్తుండని గురువును స్మరించుకోవడం ఎలా? (తారాబాయి మోడక్ గురించి)

ప్రశ్న: పలకబలపం

అందరికీ నమస్కారం. అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక గంటసేపు తారాబాయి మోడక్ గారి జీవితం గురించి మాట్లాడే పని నాకు అప్పగించారు. వివరాలు సేకరించడం కష్టం కాలేదు. ఆమె 1892లో బొంబాయిలో పుట్టారు, 1914లో పట్టభద్రురాలయ్యారు, గిజూభాయి బధేకాతో కలిసి పనిచేస్తూ 1926లో నూతన బాల శిక్షణ సంఘం స్థాపనలో పాలుపంచుకున్నారు, 1945లో బోర్డీ గ్రామంలో పసిపిల్లల విద్యాకేంద్రం తెరిచారు, 1962లో పద్మభూషణ్ అందుకున్నారు, 1973లో కన్నుమూశారు. ఇవన్నీ వరుసగా కాగితం మీద పెట్టి పైకి చదివి చూసుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయింది. పైగా పేరు మార్చి మరే ప్రముఖురాలి సభలో చదివినా ఎవరూ పట్టుకోలేరనిపించింది.

నన్ను ఇబ్బంది పెడుతున్న సంగతి మరొకటి ఉంది. కళాశాలలో పాఠం చెప్పిన ఆచార్యుల సంస్మరణ సభలో శిష్యులు ఒక్కొక్కరే లేచి, ఫలానా రోజున ఫలానా మాట అన్నారని కళ్లకు కట్టినట్టు చెబుతారు. మూడేళ్ల పిల్లకు బొత్తాం పెట్టుకోవడం నేర్పిన మనిషి గురించి లేచి చెప్పేవారు ఎవరుంటారు? ఆ వయసులో జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరి జ్ఞాపకంలోనూ నిలవవు. జీవితమంతా అటువంటి వయసు పిల్లల కోసమే ఖర్చు చేసిన వ్యక్తిని ఏ ఆధారంతో గుర్తు చేసుకోవాలో నాకు తోచడం లేదు. ఆమె జీవితంలో ఏ ఘట్టం దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ‘అంగన్‌వాడీ’ అనే పేరు ఆమె పెట్టిందేనని సభలో చెప్పవచ్చా, ఆమె సహచరి అనూతాయి వాఘ్ గారిని ఇదే ప్రసంగంలో కలపాలా అన్న విషయాల్లో పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు: పాతపుస్తకాలు

మీ రెండో పేరాలోనే ప్రసంగం మొదలైందని నా అభిప్రాయం. తేదీలను పక్కన పెట్టి, ఆ చిక్కునే శ్రోతల ముందు ఉంచండి. వాళ్లు కూడా అదే వయసు పిల్లలతో రోజంతా గడిపేవాళ్లు కాబట్టి చప్పున అందుకుంటారు.

ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు నేనైతే బోర్డీ దగ్గర, ఆ తర్వాత కోస్‌బాడ్ కొండ దగ్గర ఆగుతాను. అంతకు ముందు ఆమె చేసినది కూడా చిన్నది కాదు. రాజ్‌కోట్‌లో స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ కళాశాల బాధ్యత చూసి, ఆ హోదా వదులుకొని భావనగర్‌లో గిజూభాయి నడుపుతున్న బాలమందిరానికి వెళ్లారు. గిజూభాయి వృత్తిరీత్యా న్యాయవాది. కన్నకొడుకు చదువు గురించి ఆలోచించడం మొదలుపెట్టి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరీ రచనల దాకా వెళ్లి, 1920లో దక్షిణామూర్తి సంస్థలో ఆ బాలమందిరాన్ని తెరిచారు. మన దేశపు పిల్లలకు మాంటిస్సోరీ పద్ధతిని అమర్చే ప్రయత్నాల్లో అది తొలినాటిది. అక్కడ తారాబాయికి దొరికింది మంచి పాఠశాల, మంచి సహచరుడు, మరీ దుర్భరం కాని ఇళ్లనుంచి వచ్చే పిల్లలు. అక్కడే ఉండిపోయినా చరిత్రలో ఆమెకు ఒక పేరా దక్కేది.

గిజూభాయి 1939లో పోయారు. 1945లో, యాభై మూడేళ్ల వయసులో, ఆమె అప్పటి ఠాణే జిల్లా సముద్రతీరంలోని బోర్డీకి చేరి పల్లెటూరి పిల్లలతో పని మొదలుపెట్టారు. మాంటిస్సోరీ తరగతిలో ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతూ పోయే పది గులాబీరంగు దిమ్మెలు ఉంటాయి. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు ఎక్కడ తప్పిందో పిల్లవాడి కంటికే కనిపిస్తుంది, టీచరు నోరు తెరవనక్కరలేదు. వడ్రంగి అంత కచ్చితంగా చెక్కాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు పల్లెలో లేదు. అందుచేత గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు ఆ దిమ్మెల స్థానంలోకి వచ్చాయి. పరిమాణాన్ని బట్టి వరుసలో పెట్టడం, రంగును బట్టి వేరు చేయడం, లెక్కపెట్టడం వీటితోనూ సాధ్యమే. సూత్రాన్ని ఉంచుకొని సామగ్రిని వదిలేయడానికి, ఆ సూత్రం ఎంత లోతుగా తెలిసి ఉండాలో ఆలోచించండి. పద్ధతిని పైపైన నేర్చుకున్నవాళ్లే సామాను పెట్టెను పట్టుకొని వేలాడతారు.

1950ల రెండో సగంలో ఆ విద్యాకేంద్రం కోస్‌బాడ్‌కు మారింది. అది వార్లీ ఆదివాసుల ప్రాంతం. పొద్దున లేస్తే కూలికి పోయే తల్లిదండ్రులకు, పిల్లల్ని కడిగి ముస్తాబు చేసి బడి గడప దాకా దింపి రావడం ఊహకు అందని పని. పిల్లలు రావడం లేదంటే మనలో చాలామంది హాజరుపట్టీలో సున్నా చుట్టి, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని నివేదిక రాస్తాం. ఆమె బడినే వాళ్ల వాడలోకి, ఇంటి ముంగిట్లోకి తీసుకెళ్లారు. పెద్ద ఊళ్లో వేళ ప్రకారం నడిచే కేంద్ర బాలవాడి ఒకటి, గుడిసెల మధ్య ముంగిట్లో నడిచే అంగన్‌వాడీ మరొకటి, ఇలా రెండు రకాలు ఏర్పడ్డాయి. ఆ ముంగిట్లో మొదటి పాఠం అక్షరం కాదు, స్నానం. గోళ్లు తీయడం, తల దువ్వడం, పుండ్లకు మందు రాయడం అయ్యాకే పాటలూ కథలూ.

ఇక పేరు సంగతి. మరాఠీ ‘ఆంగణ్’, మన ‘అంగణం’ ఒకే మాట. తారాబాయి, అనూతాయి తమ పనికి ఆ పేరు వాడింది 1975కు ఎంతో ముందు, కాబట్టి ఆ మాట వరకు ధైర్యంగా చెప్పవచ్చు. అయితే ఇప్పటి అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని తారాబాయే రూపొందించారని మాత్రం అనవద్దు. కేంద్ర ప్రభుత్వం ఆ పథకాన్ని 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభించే నాటికి ఆమె పోయి రెండేళ్లు దాటింది.

జవాబు: ముంగిలి బడి

నేను పదిహేడేళ్లుగా పసిపిల్లలతో పనిచేస్తున్న దానిని. పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. దయచేసి ఆమెను ‘త్యాగమూర్తి’, ‘అందరి పిల్లలకూ అమ్మ’ అంటూ మొదలుపెట్టవద్దు. ఇటువంటి సభలన్నిటా ఆ మాటలే వినిపిస్తాయి. గిజూభాయిని గుజరాతీవారు ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారంటే అందులో ఒక ముచ్చట ఉంది, పురుషుడు ఆ పనికి దిగాడన్న ఆశ్చర్యం ఉంది. స్త్రీని అమ్మ అని మాత్రమే అంటే ఆమె నేర్చిన విద్య కనబడకుండా పోతుంది. తల్లిప్రేమ ఉంటే చాలు, ఎవరైనా చేయగల పనే అనే అభిప్రాయం అక్కడినుంచే పుడుతుంది. ఆ అభిప్రాయం మా గౌరవ వేతనాల మీద ఎలా పడుతుందో మీ ముందు కూర్చోబోయేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

బెదిరి గుడిసె వెనక్కి పరిగెత్తే పిల్లను ఎలా దగ్గరకు రప్పించాలి? వెంటపడితే ఇంకా దూరం పోతుంది. కొంచెం దూరంలో కూర్చొని, ఆ పిల్ల వైపు చూడకుండా, గవ్వలు వరుసగా పేర్చుకుంటూ ఉంటే కాసేపటికి తనే వచ్చి ఒక గవ్వ జరుపుతుంది. నేను ఇది నేర్చుకోవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది, అప్పుడప్పుడు ఇప్పటికీ తొందరపడి చెడగొట్టుకుంటాను. తారాబాయి వంటివారు ఇటువంటి వేల సందర్భాలను గమనించి, ఆలోచించి, పత్రికలో రాసి, ఇతరులకు శిక్షణగా అందించారు. ఆమెను ఉపాధ్యాయులకు గురువుగా, పరిశీలకురాలిగా, రచయిత్రిగా పరిచయం చేయండి. ప్రేమ సంగతి వినేవాళ్లకు దానంతట అదే తెలుస్తుంది.

జవాబు: విశ్రాంత పంతులు

అనూతాయిని కలపాలా అని అడిగారు. వేరు చేయడం ఎలాగో నాకైతే తెలియదు. 1910లో పుట్టి, పదమూడేళ్లకు పెళ్లయి, కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి, పట్టుదలతో చదువుకొని ఉపాధ్యాయురాలై, 1945లో తారాబాయి దగ్గరికి వచ్చింది. అప్పటినుంచి 1973 దాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆ తర్వాత 1992లో తాను పోయేవరకు అనూతాయి కోస్‌బాడ్‌ను విడవలేదు. 1985లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వాళ్లిద్దరి పనిలో ఒక సమస్య ఇంకొక సమస్యలోకి దారి తీసిన తీరు. ముంగిట్లో చదువుకున్న పిల్లలు కాస్త పెద్దయ్యాక ప్రాథమిక పాఠశాలకు రావాలి కదా, రాలేదు. కారణం వెతికితే, మగపిల్లలు పశువుల వెంట బీళ్లకు పోతున్నారు, ఆడపిల్లలు చంటి తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనెత్తుకొని ఇంటి దగ్గర ఉండిపోతున్నారు. పశువులు మేసే చోటే పాఠం చెప్పే ‘కురణ్‌శాల’ మొదటి చిక్కుకు జవాబైంది; మరాఠీలో ‘కురణ్’ అంటే పచ్చికబీడు. రెండో చిక్కు కోసం శిశుసంరక్షణ గది, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ ఒకే ఆవరణలోకి తెచ్చి దానికి ‘వికాసవాడి’ అని పేరు పెట్టారు. చంటివాణ్ణి పక్క గదిలో దింపి అక్క తన తరగతికి వెళ్లవచ్చు. ఎనిమిదేళ్ల అమ్మాయి చదువు ఆగిపోవడానికి కారణం ఎనిమిది నెలల తమ్ముడని గుర్తించడం చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, విద్యాశాఖల లెక్కల్లో ఆ ఇద్దరూ ఎప్పుడూ వేరువేరు కాగితాల మీద ఉంటారు.

ఇక ఎవరు చెబుతారన్న మీ ప్రశ్న. తారాబాయి చేతిలో పెరిగిన పిల్లకు ఆ ముంగిలి గుర్తుండకపోవచ్చు. వెనక వచ్చిన మార్పు గుర్తున్న మనుషులు మాత్రం ఉంటారు: ఆ పిల్ల తల్లి, వీపున తమ్ముడు దిగిన అక్క, ఆమె దగ్గర శిక్షణ పొందిన గ్రామసేవిక.

పలకబలపం (ప్రశ్న అడిగినవారు)

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ‘ముంగిలి బడి’ గారి హెచ్చరిక చదివాక నా మొదటి వాక్యం కొట్టేశాను. అందులో నిజంగానే ‘త్యాగమూర్తి’ అని ఉంది. ఇప్పుడు అనుకుంటున్నదేమిటంటే, పతకాల సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, మిగతా సమయాన్ని గులకరాళ్లకు, కురణ్‌శాలకు, వికాసవాడికి ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది. వచ్చినవాళ్లు వినడంతో సరిపెట్టకుండా ఏదైనా చేసేటట్టు కార్యక్రమాన్ని మలచవచ్చా?

జవాబు: ముంగిలి బడి

మలచవచ్చు, కష్టం కూడా కాదు. తలా ఒక గుప్పెడు గులకరాళ్లు ఇచ్చి, ఏమీ చెప్పకుండా పది నిమిషాలు వదిలేయండి. కొందరు చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేరుస్తారు, కొందరు రంగులు విడదీస్తారు, ఒకరిద్దరు చేతులు కట్టుకొని మీ ఆదేశం కోసం ఎదురుచూస్తారు. ఆ పది నిమిషాల్లో మీరు ఎవరినీ సరిదిద్దకుండా ఉండగలిగితే, తారాబాయి పేరు ఆ తర్వాత ఎత్తండి. రాళ్లు మాత్రం ముందురోజే కడిగి ఆరబెట్టుకోండి, మట్టి చేతులతో హాజరుపట్టీలో సంతకాలు పెట్టించడం మీకే ఇబ్బంది.