రిగ్గులు తగ్గుతుంటే అమెరికాలో ఆయిల్ ఎలా పెరుగుతోంది?

గోదారోడు: 2014లో అక్కడ 1,600 ఆయిల్ రిగ్గులుండేవి, రోజుకి 90 లక్షల బ్యారెళ్లలోపే వచ్చేది. 2024లో రిగ్గులు 500 అటూఇటూ, ఉత్పత్తి 1.3 కోట్లు దాటింది. ఏంటండీ ఈ మాయ?

హ్యూస్టన్ బావ: మాయేం లేదు తమ్ముడూ, అంతా బావి పొడవులోనే ఉంది. పర్మియన్‌లో (పశ్చిమ టెక్సస్, న్యూమెక్సికోల ఆయిల్ ప్రాంతం) మైలున్నర, రెండు మైళ్లు దిగి, అడ్డం తిరిగి, ఇంకో రెండు మూడు మైళ్లు షేల్ (ఆయిల్ ఉన్న గట్టి రాయి) పొరలోనే పోతాం, అందుకే ఒక్కో బావి ఎక్కువ ఆయిల్ ఇస్తుంది. నా డ్యూటీ ఆఫీసులో స్క్రీన్ ముందు. బిట్ (తవ్వే మొన) వెనకాలున్న సెన్సర్ గామా రీడింగుల్ని (రాయి నుంచి సహజంగా వచ్చే రేడియేషన్ కొలతల్ని) డ్రిల్లింగ్ మడ్‌లో (బావిలో తిప్పే బురద ద్రవంలో) చిన్న చిన్న ప్రెషర్ కుదుపులుగా పైకి పంపుతుంది. రీడింగ్ తేడా కొట్టిందా, పొర జారిపోతున్నట్టే. "ఒక డిగ్రీ పైకి లేపండి" అని రిగ్గుకి ఫోన్ కొడతా. ఒక బావి అవ్వగానే రిగ్గుని విప్పక్కర్లేదు, పక్క బావి మీదికి అదే నడుస్తుంది.

గోదారోడు: అడ్డంగా అంత దూరం పోడానికి స్థలం చాలకపోతే?

హ్యూస్టన్ బావ: బావిని గుర్రపు నాడాలా వెనక్కి తిప్పుతున్నారు. షెల్ అనే ఆయిల్ కంపెనీ 2019లోనే చేసింది.

మిడ్‌లాండ్ రావు: ఆయిల్‌తో పాటు పైకొచ్చే నీళ్ల సంగతీ చెప్పు బావా. బ్యారెల్ ఆయిల్‌కి మూడు నాలుగు బ్యారెళ్ల ఉప్పునీళ్లు. లోతు బావుల్లోకి తిరిగి పంపితే మా దగ్గర, పర్మియన్‌లోని మిడ్‌లాండ్‌లో, భూమి కంపించింది. 2021లో టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్ (బావుల మీద పెత్తనం దానిదే) కొన్నిచోట్ల ఆపించింది. పైగా మొదటి ఏడాదిలోనే దిగుబడి సగానికి పైగా పడిపోతుంది, మళ్లీ కొత్త బావి తవ్వాల్సిందే.