ఇల్లు చూసుకుంటూ ఊళ్లు తిరగడం: ఉచిత బసా, జీతం లేని పనా?

దేశదిమ్మరి:
ఇంటివాళ్లు ఊరెళ్తారు. వాళ్లు తిరిగొచ్చేదాకా మనం ఆ ఇంట్లో ఉండి కుక్కకో పిల్లికో వేళకి తిండి పెట్టాలి, మొక్కలకి నీళ్లు పోయాలి. అద్దె ఉండదు, జీతమూ ఉండదు. ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్, నొమాడర్, మైండ్ మై హౌస్ లాంటి సైట్లు ఇలాంటివాళ్లని కలుపుతాయి. నేను చాలాకాలంగా ఇలాగే తిరుగుతున్నాను. హోటల్ ఖర్చు పెట్టాల్సి వస్తే నేను చూసిన ఊళ్లలో సగం చూసేదాన్ని కాదు. ఈమధ్య ఒక స్నేహితురాలు "ఇది జీతం లేని చాకిరీ, పైగా ఇదే పని చేసుకుని బతికేవాళ్ల పొట్ట కొడుతున్నావు" అంది. నాకైతే ఇచ్చిపుచ్చుకోవడమే అనిపిస్తుంది. మీరేమంటారు?

లెక్కలపుస్తకం:
ఇచ్చిపుచ్చుకోవడమంటే తూకం సరిపోవాలి కదండీ. ఇంటివాళ్లకి కుక్కని బోర్డింగ్‌లో పెట్టే ఖర్చు తప్పింది. ఇల్లు ఖాళీగా లేదు, ఇది చిన్న సంగతి కాదు. చాలా గృహబీమా పాలసీల్లో ఇల్లు వరసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే పరిహారానికి కోత పెట్టే షరతు ఉంటుంది. మరి మనకి? దారిఖర్చు మనదే, సభ్యత్వం మనదే. ఇల్లు ఊరికి దూరమైతే కారు అద్దె కూడా మనదే. తేదీలు వాళ్లు చెప్పినవి. కుక్కని నాలుగైదు గంటలకి మించి ఒంటరిగా వదలొద్దన్నారంటే పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉండాలి. ఇక ఊరు చూసేదెప్పుడు?

బాటసారి:
నెలరోజులు ఒకేచోట ఉండి నింపాదిగా చూసేవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. మూడు రోజుల్లో అన్నీ చుట్టేసి రావాలనుకునేవాళ్లు దీని జోలికి రాకపోతేనే మేలు.

మూడుపిల్లులఇల్లు:
దేశదిమ్మరి గారూ, మీ స్నేహితురాలి మాటని నేను పూర్తిగా కొట్టిపారేయను. నేను రెండువైపులా ఉన్నదాన్ని: వేరేవాళ్ల ఇళ్లలో ఉన్నాను, నా పిల్లుల్ని వేరేవాళ్ల చేతిలో పెట్టి వెళ్లాను. గీత ఎక్కడ గీయాలో జంతువునిబట్టి తేల్చాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి, రెండుపూటలా తిండి, రోజుకోసారి మట్టిపెట్టె (పిల్లి మలమూత్రాలకి పెట్టే పెట్టె) శుభ్రం చేయడం: దీనికి బదులు బస అంటే న్యాయమే. షుగరున్న పిల్లి అయితే సంగతి వేరు. సాధారణంగా పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్ ఇవ్వాలి. మెడ వెనక చర్మం రెండువేళ్లతో పైకెత్తి, ఆ మడతలో సూది దించాలి. జంతువుల ఇన్సులిన్ చాలావరకు యూ-40 రకం, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు; దానికి యూ-40 సిరంజే వాడాలి. మనుషులకి వాడే యూ-100 (మిల్లీలీటరుకి 100 యూనిట్ల) సిరంజిలో అదే గీతదాకా లాగితే అందేది అవసరమైన మోతాదులో ఐదింట రెండొంతులే. పిల్లి ఆ పూట తినకపోతే పూర్తి మోతాదు ఇవ్వడం ప్రమాదం, ముందు డాక్టరుకి ఫోన్ చేయాలి. షుగర్ పడిపోయి తూలుతుంటే చిగుళ్లకి తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇవన్నీ చేసే మనిషి ఆ ఇంట్లో అతిథి ఎలా అవుతుంది? ఆమెకి డబ్బివ్వాలి.

మామూలు పిల్లి విషయంలోనూ ఒకమాట. మగపిల్లి మట్టిపెట్టెలో మళ్లీమళ్లీ కూర్చుని ముక్కుతోంది, ఒక్క చుక్కా రావడం లేదంటే తెల్లారేదాకా ఆగకూడదు. మూత్రం దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మీరు వెళ్లిన ఇంట్లో ఎవరైనా లిల్లీపూల గుత్తి తెచ్చి పెట్టినా వెంటనే బయట పడేయండి. ఒంటిమీద పడ్డ పుప్పొడి నాకినా చాలు, పిల్లి కిడ్నీలు పాడవుతాయి. చౌకగా తిరగొచ్చన్న ఒక్క ఆశతో వచ్చేవాళ్లకి ఇవి పట్టవు. నా భయమంతా అదే.

లెక్కలపుస్తకం:
ఒప్పుకుంటాను. కానీ డబ్బు తీసుకున్న మరుక్షణం పరాయిదేశంలో అది ఉద్యోగమవుతుంది. పర్యాటక వీసా మీద కుదరదు.

వీసాగోల:
తీసుకోకపోయినా కావచ్చండీ. చాలామందికి తెలియనిది ఇదే. 2022లో ఒక ఆస్ట్రేలియా యువతి పిల్లుల్ని చూసుకోవడానికి కెనడా వెళ్తూ లాస్ ఏంజలెస్‌లో దిగింది. అంతకుముందు అమెరికాలోనూ బసకి బదులు పిల్లుల్ని చూసుకున్నానని అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పింది. అధికారులు అది పని కిందికే వస్తుందని ఆమెని వెనక్కి పంపేశారు. న్యూజిలాండ్ 2009 వలస చట్టం ఇంకా సూటిగా ఉంది: పనికి ప్రతిఫలం అన్నప్పుడు భోజనం, వసతి కూడా అందులో లెక్కే. కాబట్టి సభ్యత్వం కట్టేముందే వెళ్లే దేశం నియమాలు చదవండి. విమానాశ్రయంలో అబద్ధం చెప్పి గట్టెక్కుదామని మాత్రం అనుకోవద్దు. దొరికితే ఆ తర్వాతి వీసాలకీ చిక్కే.

దేశదిమ్మరి:
వీసాగోల గారూ, ఇది నిజంగా తెలియదు. అయితే సొంత దేశంలో తిరిగేవాళ్లకి ఈ తలనొప్పి లేదు కదా?

వీసాగోల:
వీసా తలనొప్పి లేదు.

జాగిలమిత్ర:
నేను డబ్బు తీసుకుని ఈ పని చేస్తుంటాను. మీ స్నేహితురాలు చెప్పిన పొట్ట నాలాంటివాళ్లదే, అందుకని రాస్తున్నాను. ఉచితంగా వచ్చేవాళ్లమీద నాకు కోపం లేదు. పడుచు కుక్క, ఎండలో పడుకునే పిల్లి ఉన్న ఇళ్లు మీరు చూసుకోండి. కానీ మూర్ఛలకి వేళతప్పకుండా మందు పడాల్సిన కుక్కనీ, మనిషి కనబడకపోతే తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకునే కుక్కనీ "చాలా మంచిది, ఏ ఇబ్బందీ పెట్టదు" అని ఉచిత ప్రకటనలో రాసేవాళ్లున్నారు. ఖర్చు తప్పించుకోవడానికి రాసే ఆ ప్రకటనలకి "మాకు చేతకాదు, డబ్బిచ్చి తెలిసినవాళ్లని పెట్టుకోండి" అని మీరంతా చెప్పాలి. మీరు ఒప్పుకున్నంతకాలం వాళ్లు అలాగే రాస్తారు.

బాటసారి:
ప్రకటనలో రాయనిది మనకి ఎలా తెలుస్తుందండీ?

జాగిలమిత్ర:
వీడియో కాల్‌లో అడగండి. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది, ఒంటరిగా ఉంటే ఏం చేస్తుంది, మందులేమైనా ఉన్నాయా, చివరిసారి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లారు. కాల్ సాగుతుండగా కుక్కని చూపించమనండి. ఇంట్లో కెమెరాలు ఎక్కడున్నాయో కూడా అప్పుడే అడగండి. తర్వాత ఒక కాగితం తప్పకుండా తీసుకోండి: మేము అందుబాటులో లేనప్పుడు ఫలానా మొత్తందాకా వైద్యం చేయించవచ్చు, ఖర్చు మాదే అని ఇంటివాళ్ల సంతకంతో. దాని నకలు వాళ్ల పశువైద్యుడి దగ్గర కూడా ఉండాలి. అర్ధరాత్రి ఆసుపత్రి బల్లమీద కుక్కని పడుకోబెట్టాక, ఆపరేషన్‌కి ఎవరు ఒప్పుకోవాలి, ఎవరు డబ్బు కట్టాలి అని విమానంలో ఉన్న యజమానికి ఫోన్లు చేస్తూ కూర్చోలేరు.

మూడుపిల్లులఇల్లు:
ఆ కాగితం నేనూ రాసిస్తాను, ఏ పిల్లికి ఎంతదాకా అన్నది విడివిడిగా. రాసివ్వమని వచ్చినవాళ్లే అడిగితే వాళ్లమీద నమ్మకం ఇంకా పెరుగుతుంది, మొహమాటపడకండి.

దేశదిమ్మరి:
వచ్చేవారం చేరాల్సిన ఇంట్లో ముసలి కుక్క ఉంది, "కొంచెం మందులు" అని మాత్రమే రాశారు. ఈ రాత్రే ఫోన్ చేసి అడుగుతాను. మూర్ఛలకో గుండెకో అయితే, జాగిలమిత్ర గారూ, మీలాంటివాళ్లని పెట్టుకోమని చెప్పి తప్పుకుంటాను.